బియర్డ్‌మోర్ హిమానీనదం: దారి, పేరు, రాళ్లు

అంటార్కిటికాను తూర్పు, పడమర భాగాలుగా విడదీస్తూ సుమారు 3,500 కిలోమీటర్ల పొడవున సాగే ట్రాన్స్‌అంటార్కిటిక్ పర్వతశ్రేణి ఒక ఆనకట్ట వంటిది. తూర్పు పీఠభూమిపై పేరుకున్న మంచు ఆ శ్రేణిలోని గండ్ల గుండా రాస్ మంచు ఫలకం వైపు దిగుతుంది. అలా దిగే హిమానీనదాలలో అతి పెద్దవాటిలో ఒకటైన బియర్డ్‌మోర్ పొడవు దాదాపు 200 కిలోమీటర్లు. అయితే చరిత్రలో దీనికి స్థానం దక్కింది పరిమాణం వల్ల కాదు, పీఠభూమిని ఎక్కే దారి కావడం వల్ల.

1908 డిసెంబరులో ఎర్నెస్ట్ షాకిల్టన్ బృందం ఒక చిన్న కొండ ఎక్కి ఈ మంచుదారిని తొలిసారి చూసింది. ఆ కొండకు ‘ఆశ’ అనే అర్థంలో మౌంట్ హోప్ అని పేరు పెట్టారు. హిమానీనదానికి మాత్రం యాత్రకు ధనసహాయం చేసిన గ్లాస్గో పారిశ్రామికవేత్త విలియం బియర్డ్‌మోర్ పేరు వచ్చింది. 1911లో అముండ్సెన్ ఎక్కిన, ఇంతకంటే పొట్టిదీ నిటారైనదీ అయిన మరో హిమానీనదానికీ నార్వే దాత ఆక్సెల్ హైబర్గ్ పేరే దక్కింది. జనావాసమెరుగని ఈ నేలపై చెరిపివేయడానికి పాత పేర్లు లేవు. కనుక వలస దేశాలలో జరిగిన నామకరణంతో ఇది సమానం కాదు. అయినా ఈ రెండు పేర్లూ నడిచినవారిని కాక, డబ్బిచ్చినవారిని గుర్తుచేయడం గమనార్హం.

డిసెంబరు 7న షాకిల్టన్ బృందపు చివరి గుర్రం మంచు పగులులో పడిపోయింది. నలుగురూ బండ్లను తామే లాగుతూ 88 డిగ్రీల 23 నిమిషాల దక్షిణ అక్షాంశం వరకు వెళ్లి, 1909 జనవరి 9న వెనుదిరిగారు.

స్కాట్ అదే దారిని ఎంచుకున్నాడు. ధ్రువం నుండి తిరిగివస్తూ, ఎడ్గార్ ఇవాన్స్ క్షీణిస్తున్న దశలో, 1912 ఫిబ్రవరి 8న అతని బృందం మౌంట్ బక్లీ వద్ద రాళ్లు సేకరించింది. 17న ఇవాన్స్ హిమానీనదం దిగువన మరణించాడు. సుమారు 16 కిలోల ఆ రాళ్లు చివరి గుడారం దాకా బండిపైనే ఉన్నాయి. నవంబరులో మృతదేహాలతోపాటు దొరికాయి. ఆ బరువే ప్రాణం తీసిందన్న విమర్శ ఉంది. ఆహారం, ఇంధనం తగ్గడం, తీవ్రమైన చలి వంటి కారణాల ముందు ఆ వాదం నిలవదు.

వాటిలోని ఆకు ముద్రలను 1914లో ఎ.సి. సీవార్డ్ గ్లాసోప్టెరిస్‌గా వర్ణించాడు. గోదావరి లోయ బొగ్గుపొరలలోనూ కనిపించే శిలాజమది. గోండుల నేల పేరుతో ఎడ్వర్డ్ సూస్ 1885లో ఊహించిన గోండ్వానా భూభాగంతో అంటార్కిటికాకు ఉన్న సంబంధానికి ఈ రాళ్లు బలమైన సాక్ష్యమయ్యాయి. అవి లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంకు చేరాయి.