దాదీమా మర్తబాన్: కశింకోట పెరట్లో కూరగాయల తారీఖ్

పోయిన చలికాలం ఒక సాయంత్రం మా చిన్న బేటీ స్కూలు నుంచి మూతి ముడుచుకుని వచ్చింది. ఆ రోజు మా బేగం దాని డబ్బాలో రోటీ, గోబీ అచార్ పెట్టి పంపింది. పక్కన కూర్చునే పిల్ల ఎవరో ఆ డబ్బాలోకి తొంగి చూసి, "మీ తిండంతా బయటి దేశాల నుంచి వచ్చిందటగా, మా ఇంట్లో చెప్పారు" అన్నదట. "అబ్బా, మన తిండి ఎక్కడిది?" అని అడిగింది. ఒక్క ముక్కలో జవాబు రాలేదు నాకు. రాత్రి అటక ఎక్కి మా దాదీమా మర్తబాన్ దించి, దుమ్ము తుడిచి దాని ముందు పెట్టాను. ఆ రాత్రి దానికి చెప్పిన సంగతులే కొంచెం పెంచి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మర్తబాన్ సంగతే. గోధుమ రంగు, తెల్లటి మెరుపు ఉన్న పింగాణీ జాడీని మన ఇళ్లలో మర్తబాన్ అంటాం. ఆ పేరు ఒక ఊరిది. బర్మాలో మర్తబాన్ అనే రేవు ఉండేది, ఇప్పుడు దాన్ని మొత్తమా అంటున్నారు. ఆ రేవు మీదుగా పెద్ద పెద్ద జాడీలు ఓడలెక్కి అరబ్బు దేశాల దాకా పోయేవి. 14వ శతాబ్దంలో దునియా చుట్టి వచ్చిన ఇబ్న్ బతూతా తన సఫర్‌నామాలో ఈ మర్తబాన్‌ల గురించి రాశాడు. అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు ఉప్పులో ఊరేసి, సముద్ర ప్రయాణానికి పనికొచ్చేలా నింపిన నాలుగు జాడీలు ఆయనకు తోఫాగా అందాయట. అంటే ఏడు వందల ఏళ్ల నాడే ఉప్పు, మామిడికాయ, మర్తబాన్ ముగ్గురూ దోస్తులు.

మా ఇంటి మర్తబాన్ కూడా బర్మాదే. మా పర్‌దాదా రంగూన్‌లో కొన్నేళ్లు పనిచేసి తిరిగొస్తూ తెచ్చాడట. ఆ జమానాలో మన కోస్తా నుంచి వేలమంది పొట్ట చేత పట్టుకుని రంగూన్ వెళ్లేవారు. కోరంగి రేవు నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువ కాబట్టి బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలు అనే పిలిచేవారు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముసల్మానులూ ఉన్నారు. ఓడ ఎక్కేటప్పుడు ఎవరి మూటలో చూసినా ఉప్పు, ఎండుచేప, ఊరగాయ ఉండేవి.

తర్వాత 1942 వచ్చింది. మార్చి నెలలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. పట్నం జనం దొరికిన బండి ఎక్కి లోపలి ఊళ్లకు తరలిపోయారు. కొత్త పెళ్లికూతురుగా విశాఖలో ఉన్న మా దాదీమా అలా కశింకోట చేరింది. బట్టల మూట ఒకటి, ఒళ్లో ఈ మర్తబాన్ ఒకటి. "జేవర్ వదిలేసి జాడీ తెచ్చావేమిటి?" అని దాదా కోప్పడితే, "జేవర్ తింటామా?" అన్నదట. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ సామెత.

కశింకోటకు తారీఖ్ లేదని కాదు. ఊరి పేరులో ఖాసిం ఉన్నాడని మా పెద్దలు చెప్పుకుంటారు. కంపెనీ కాగితాల్లో ఈ ఊరు బాగానే కనిపిస్తుంది. 1758 నవంబరులో కర్నల్ ఫోర్డ్ ఫౌజ్, విజయనగరం ఆనంద గజపతి ఫౌజ్ ఇక్కడే కలుసుకున్నాయి. ఇక్కడి నుంచే కదిలి డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించాయి. ఆ లడాయితో ఉత్తర సర్కారుల కిస్మత్ మారింది. ఎవరు ఎక్కడ డేరా వేశారు, ఎన్ని తోపులు తెచ్చారు అన్నీ రాసి పెట్టారు. ఆ డేరాల కోసం వంట చేసిన చేతులను, ఆ ఏడు పిల్లలకు ఏం తినిపించారన్నదాన్ని ఎవరూ రాయలేదు. ఆ తారీఖ్ జాడీల్లోనే ఉండిపోయింది.

ఇక బేటీ అడిగిన సవాల్. మన దస్తర్‌ఖాన్ మీద ఉన్నవి ఎక్కడివి?

మాళ్వా సుల్తానుల కోసం 1500 ప్రాంతంలో ఫార్సీ కలిసిన భాషలో రాసిన వంటల కితాబ్ ఒకటి ఉంది, నిమత్‌నామా. అందులో సమోసాలున్నాయి, షర్బత్‌లున్నాయి, మిర్చి మాత్రం లేదు, ఆలూ లేదు, టమాటా లేదు. 16వ శతాబ్దం చివర అబుల్ ఫజల్ రాసిన ఆయీన్-ఎ-అక్బరీలో అచార్ల ధరల పట్టిక ఉంది. మామిడికాయ నూనెలో ఒక ధర, సిర్కాలో ఒక ధర. నిమ్మకాయ, అల్లం, వెల్లుల్లి, ఉల్లి, గాజర్, శల్గం, బైంగన్ వరుసగా ఉంటాయి. సహజనా అచార్ కూడా ఉంది, అంటే మన మునగ. చెరకు సిర్కా ఉంది. మిర్చి ఊసు మాత్రం అందులోనూ లేదు.

మరి కారం ఎక్కడి నుంచి వచ్చేది? మిరియాల నుంచి, పిప్పళ్ల నుంచి. పిప్పలి అనే మన మాటే ఫార్సీలోకి పోయి పిల్‌పిల్ అయ్యింది, అరబ్బీలో ఫిల్‌ఫిల్ అయ్యింది. ఆ పిప్పలి తీగ మా కశింకోటకు పడమటి దిక్కున, చింతపల్లి కొండల్లో ఇప్పటికీ పండుతుంది. మిర్చిని అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్లు తెచ్చారు. మనవాళ్లు దాన్ని మిరియంతో పోల్చి మిరపకాయ అని పేరు పెట్టేసుకున్నారు. ఇవాళ మిరపకాయ లేని తెలుగు ఇల్లు చూపించమనండి!

ఆలూ కూడా అటు నుంచే వచ్చింది. బెంగాల్ మీదుగా మనకు చేరింది కాబట్టి బంగాళాదుంప అన్నాం. టమాటా ఇంకా ఆలస్యం. మా వైపు ముసలివాళ్లు దాన్ని రామములక్కాయ అనేవారు. మరో దేశపు పండుకు రాముడి పేరు పెట్టి ఇంట్లో కూర్చోబెట్టిన జనం మనం. చింతపండు కథ దీనికి ఉల్టా. ఆ చెట్టు పుట్టుక ఆఫ్రికాలో అంటారు. ఎంత పాతకాలంలో వచ్చిందో గానీ, అరబ్బులు చూసేసరికే అది పూర్తిగా మనదైపోయింది. అందుకే తమర్-ఎ-హిందీ, హిందూస్తాన్ ఖర్జూరం అన్నారు. వంకాయ కథ మరీ చిత్రం. అది ఇక్కడి కాయే. దాని పాత సంస్కృత నామం ఫార్సీలో బాదింగాన్, అరబ్బీలో బాదిన్‌జాన్, స్పెయిన్‌లో బెరెన్‌హేనా అయ్యి, పోర్చుగీసువాళ్ల నోట బెరింజేలాగా మళ్లీ మన ఒడ్డుకొచ్చి బ్రింజాల్ అయ్యింది. సొంత బిడ్డ పేరు మార్చుకుని పరదేశం నుంచి తిరిగొచ్చినట్టు.

బేటీ డబ్బాలోని గోబీ సంగతి చెప్పాలి. ఫూల్‌గోబీ విత్తనం 1822లో ఇంగ్లండు నుంచి సహారన్‌పూర్ కంపెనీ బాగ్‌కు వచ్చింది. అది చలిదేశపు మొక్క. చలి తగలకపోతే ఆకులే పెరుగుతాయి తప్ప పువ్వు సరిగా కట్టదు. ఉత్తరాది రైతులు ఏటికేడు వేడికి నిలిచిన మొక్కల విత్తనం ఎంచి ఎంచి దాచుకున్నారు. అలా ఆ మెహనత్‌లోంచి ఈ నేలకు సరిపోయే దేశీ రకాలే పుట్టాయి. ఇప్పుడు దాన్ని పరాయిది అనడం ఎలా?

కశింకోటలో చలి నిండా రెండున్నర నెలలు. దసరా దాటాక దాదీమా పెరట్లో నారు పోసేది. బూడిదలో కలిపి దాచిన విత్తనాలు, పశువుల ఎరువు, బావి నీళ్లు. 1942 తర్వాత సర్కారువాళ్లు కూడా ఆహారం ఎక్కువ పండించండి అని ఊరూరా చెప్పారు. దాదీమాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆకలే చెప్పింది. వంగ, బెండ, ముల్లంగి, మిర్చి, గోంగూర (మా ఇంట్లో అంబాడా అంటాం) పెరట్లో బాగా వచ్చేవి. గోబీ మాత్రం పిడికెడే కట్టేది.

పెద్ద గోబీ, గాజర్, క్యాబేజీ, బీన్స్ కావాలంటే కొండ మీది నుంచి రావాలి. మా మండలంలోని తాళ్లపాలెం దగ్గర రోడ్డు చీలి నర్సీపట్నం వైపు వెళుతుంది. అక్కడి నుంచి ఘాట్ ఎక్కితే లంబసింగి, ఆపైన చింతపల్లి. లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తు. పుష్య మాసం తెల్లవారుజామున అక్కడ చలి కొన్నిసార్లు సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. అక్కడి ఆదివాసీ రైతులు గెడ్డ నీటిని కాలువగా మళ్లించి చిన్న చిన్న మడుల్లో కూరగాయలు, రాజ్‌మా పండిస్తారు. మన కూరల బుట్టలో సగం చలికాలం వాళ్ల చలవే.

ఆ ఘాట్ రోడ్డు ఎలా పడిందో కూడా పిల్లలకు చెప్పాలి. నర్సీపట్నం నుంచి లంబసింగికి బాట వేయడానికి గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ ఆదివాసీల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. ఆ జుల్మ్ కూడా అల్లూరి సీతారామరాజు బగావత్‌కు ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద దాడితో ఆ పోరాటం మొదలైంది. ఇప్పుడు మనం సంతలో బేరమాడే గోబీ దిగి వచ్చేది ఆ వైపు నుంచే. అందుకే మా దాదీమా కొండవాళ్ల దగ్గర బేరం ఆడేది కాదు. "వాళ్ల పసీనా ముందే తీసుకున్నారు, పైసా కూడానా?" అనేది.

చలికాలం పోతుంది, కూరగాయ ఆగదు. ఆపే హునర్ ఆడవాళ్లది. మాఘం ఎండ మొదలవగానే మా దాబా మీద చాపలు పరిచేవారు. వంకాయ, కాకర, దోసకాయ ముక్కలు ఉప్పు పట్టించి ఎండబెడితే ఒరుగులు. మిర్చికి గాటు పెట్టి, రాత్రి ఉప్పు వేసిన పుల్లటి చల్లలో నానబెట్టి, పగలు ఎండలో ఆరబెట్టి, చల్ల ఇంకిపోయేదాకా నాలుగు రోజులు అలా చేస్తే చల్లమిరపకాయలు. కాకుల నుంచి కాపలా నా డ్యూటీ.

గోబీ, గాజర్ అచార్ మాత్రం దాదీమా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ముక్కలను మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ముంచి తీసి, తెల్ల గుడ్డ మీద తడి పోయేదాకా ఆరబెట్టాలి. ఆవపిండి, కారం, పసుపు, ఉప్పు, నూనె కలపాలి. సిర్కాలో బెల్లం కరిగించి చల్లార్చి పోయాలి. బెల్లం అనకాపల్లిదే. అక్కడి బెల్లం బజారు పేరు దేశమంతా తెలుసు, 1913 నుంచి చెరకు పరిశోధనా కేంద్రం కూడా ఉంది. తడి చెయ్యి తగలకూడదు, నూనె ముక్కల మీద తేలాలి. ఇది వహమ్ కాదు. ఉప్పు ముక్కలోని నీరు లాగేస్తుంది, సిర్కా పులుపు కుళ్లనివ్వదు, నూనె గాలిని ఆపుతుంది. చదువు రాని దాదీమాకు ఈ ఇల్మ్ అంతా వేళ్ల చివర్లలో ఉండేది.

ఒక మర్తబాన్ మాకు, ఒక గిన్నె పక్కింటికి. పక్కింటి అప్ప గుమ్మడి వడియాలు తెచ్చి, "బూబమ్మా, ఇదిగో నీ వాటా" అని గడప మీద పెట్టేది. బెల్లం ఆవకాయ మా దాదీమా నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. గోబీ అచార్ ఆవిడ నేర్చుకున్నది మా దగ్గర. ఏది ఎవరిదో ఇద్దరికీ పట్టేది కాదు.

ఇదంతా విన్నాక బేటీ కాసేపు జాడీ అంచు మీద వేలు తిప్పుతూ కూర్చుంది. "అయితే ఆ పిల్ల డబ్బాలో ఆలూ కూర కూడా బయటిదేనా?" అంది. "అవును, మనదీ అవును" అన్నాను. బయటి నుంచి రావడం ఐబ్ కాదు. వచ్చాక ఈ మట్టిని నమ్ముకుని ఎంత మెహనత్ చేశామన్నదే లెక్క. మర్నాడు బేటీ డబ్బాలో రెండు వాటాలు గోబీ అచార్ పట్టుకెళ్లింది. సాయంత్రం డబ్బా ఖాళీగా వచ్చింది. ఏమన్నదని నేను అడగలేదు.

ఒక అఫ్సోస్ మాత్రం ఉంది. పోయిన ఏడు దాదీమా పద్ధతిలో నేనే గోబీ అచార్ పెట్టాను. మూడో వారానికి బూజు పట్టింది. ముక్క ఎంత ఆరాలో ఆమె చేత్తో తడిమి చెప్పేది, అది ఎక్కడా రాసి లేదు. ఈ ఏడు మా ఫూఫీని కూర్చోబెట్టి, ఆమె చెబుతుంటే బేటీ చేత రాయించాను. నోటుబుక్కులో పదకొండు పేజీలు వచ్చింది. మీ ఇళ్లలో దాదీలు, నానీలు ఉంటే ఈ చలికాలంలోనే పక్కన కూర్చుని రాసి పెట్టండి. కోటల తారీఖ్ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మర్తబాన్ తారీఖ్ మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?