పన్నెండో ఎపిసోడ్ దగ్గర



ఈ భాగం నేను చాలా ఏళ్ల కిందే రాయాల్సింది. ఎందుకు రాయలేదో కూడా ఇందులోనే చెప్తాను.

2016 జనవరి 17న రోహిత్ వేముల వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొన్ని వారాలు హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా బ్యాచ్‌లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. నేనుండేది వేరే క్యాంపస్ హాస్టల్. సాయంత్రం బస్సెక్కి వెలివాడకు పోవడం, రాత్రంతా పాటలు, ప్రసంగాలు, పోస్టర్లు, తెల్లారి తిరిగి రావడం. మాతో వచ్చేవాళ్లలో ఒక జూనియర్ ఉండేవాడు. పాలమూరు పిల్లగాడు, మాదిగ ఇంట్లోంచి యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాడు. డప్పు పట్టుకున్నాడంటే చుట్టూ ఉన్నవాళ్లు లేచి నిలబడాల్సిందే. పేరు రాయను, తమ్ముడు అంటాను.

ఫిబ్రవరి చివర్లో ఒక రాత్రి టెంటులో ఒక మూలన కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్ చూస్తున్నాడు. జియో ఇంకా రాలేదు, డేటా అంటే డబ్బులు. ఏం చూస్తున్నావ్ రా అంటే కాసేపు ఆగి చెప్పాడు.

"చైనా సిరీస్ అన్నా. ఇద్దరు పోరగాళ్ల ప్రేమ కథ. పన్నెండు ఎపిసోడ్లు వచ్చినంక గవర్నమెంటు తీసేయించింది. ఇంక మూడుండె."

ఒక ఇయర్‌ఫోన్ తీసి నా వైపు చాచాడు. నేను ఫోన్ అతని ఒళ్లోకే నెట్టేశాను. "ఇక్కడ మన పిల్లగాడు చచ్చిపోయిండు. నీకు గిదేనా ఇప్పుడు?" అన్నాను. అతను ఫోన్ జేబులో పెట్టుకుని లేచి వెళ్లి డప్పు వేడి చేసుకున్నాడు. ఆ మాట ఆ తర్వాత మా మధ్య రాలేదు.

ఆ సిరీస్ పేరు 'షాంగ్ యిన్'. వ్యసనం, అలవాటు పడటం అని అర్థం. ఇంగ్లీషులో 'అడిక్టెడ్' అన్నారు. 'హెరాయిన్' అని ఇంకో పేరు కూడా ఉంది. అది ఊరికే పెట్టింది కాదు. హీరోలు గు హాయ్, బాయ్ లువోయిన్. హాయ్ పక్కన లువోయిన్ పెట్టి చదివితే చైనీస్‌లో హెరాయిన్ అని వస్తుంది. కథ ఒక ఆన్‌లైన్ నవల. రాసిన ఆవిడ కలం పేరు చాయ్ జీదాన్, అంటే అచ్చంగా మన నాటుకోడి గుడ్డు. సిరీస్‌కి స్క్రిప్టు ఆవిడదే, నిర్మాణంలోనూ ఆవిడే ఉంది. దర్శకుడు డింగ్ వెయ్. ఖర్చు సుమారు 50 లక్షల యువాన్లని అప్పట్లో రాశారు. అక్కడి టీవీ లెక్కల్లో అది చిల్లర. హువాంగ్ జింగ్‌యు, షూ వెయ్‌జౌ అని ఇద్దరు కొత్త కుర్రాళ్లు, కొన్ని గదులు, ఒక స్కూలు, పాత బీజింగ్ గల్లీలు. 2016 జనవరి 29న నెట్‌లోకి వచ్చింది. ఒక్క రోజులో కోటి సార్లు చూశారని వార్తలొచ్చాయి.

జనవరి 17, జనవరి 29. మధ్యలో పన్నెండు రోజులు. ఈ రెంటికీ సంబంధం లేదు, ఉందని నేను అనడం లేదు. కానీ నా తమ్ముడి ఫోన్‌లో, ఒకే గుండెలో, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అది నాకు అర్థం కాలేదు.

కథలో వర్గం ఉంది, అదే నన్ను తర్వాత పట్టుకుంది. లువోయిన్ పేదింటి పిల్లాడు. ముసలి తాత, నానమ్మ, ఏ పనీ సరిగ్గా చేతకాని మంచి తండ్రి, బోసిపోయిన పాత ఇల్లు. తల్లి ఎప్పుడో వదిలేసి వెళ్లింది. గు హాయ్ తండ్రి సైన్యంలో పెద్ద అధికారి. లువోయిన్ తల్లి పెళ్లి చేసుకునేది ఆ అధికారినే. అది భరించలేక గు హాయ్ ఇల్లు వదిలి వచ్చి, తెలియకుండానే లువోయిన్ క్లాసులో చేరి అతని వెనక బెంచీలో కూర్చుంటాడు. డబ్బున్న పిల్లాడు తన డబ్బు దాచుకుని పేదింట్లో తిండి తింటుంటే చూడటానికి బాగుంటుంది. మన సినిమాల్లో దొరబిడ్డ గుడిసెలో గంజి తాగే సీను లాంటిదే. గంజి తాగి తిరిగి పోవడానికి దొరబిడ్డకు గడి ఉంటుంది.

లోపాలు దాచను. ఒక దశలో గు హాయ్ ఇష్టంతో పని లేకుండా లువోయిన్‌ని ఎత్తుకెళ్లి బంధిస్తాడు. అదీ ప్రేమే అన్నట్టు కథ నడుస్తుంది. పెద్దింటి కొడుకు పేదింటి పిల్లాణ్ని ఎత్తుకెళ్లడం ఏ భాషలో తీసినా నాకు ప్రేమగా కనబడదు. మన ఊళ్లలో ఆ కథ మనకు తెలుసు. సెన్సారు వాళ్లు దాని మీద అభ్యంతరం పెట్టి ఉంటే కనీసం వాదించుకునేవాళ్లం. వాళ్ల బాధ అది కాదు.

కొంచెం వెనక్కి పోవాలి. చైనాలో మగవాళ్ల మధ్య సంబంధాన్ని శిక్షించడానికి వాడిన చట్టం 'గూండాగిరీ' నేరం. 1997లో శిక్షాస్మృతి మార్చినప్పుడు ఆ నేరాన్ని తీసేశారు. 2001లో మానసిక రోగాల జాబితాలోంచి కూడా తీశారు. మన దగ్గర 377 పోయింది 2018లో. అంటే కాగితం మీద వాళ్లు మనకంటే రెండు దశాబ్దాలు ముందున్నారు. కాగితం మీద నేరం పోయాక రాజ్యం ఏం చేస్తుందన్నదే ఈ సిరీస్ చరిత్ర.

1998లో, ఇంటర్నెట్ అంటే చాలామందికి ఇంకా తెలియని రోజుల్లో, పేరు చెప్పని ఒకరు బీజింగ్ కథ ఒకటి నెట్‌లో పెట్టారు. డబ్బున్న వ్యాపారికీ ఊరి నుంచి చదువుకోవడానికి వచ్చిన పేద విద్యార్థికీ మధ్య ప్రేమ. అక్కడా వర్గమే, గమనించండి. దాన్ని హాంకాంగ్ దర్శకుడు స్టాన్లీ క్వాన్ 2001లో 'లాన్ యూ' పేరుతో సినిమా తీశాడు. అనుమతి లేకుండానే బీజింగ్‌లో షూటింగ్ చేశారు. ఇలాంటి కథకు అచ్చులోనూ తెర మీదా చోటు లేదు కాబట్టి అది నెట్‌లో పుట్టింది. ఆ తర్వాత అమ్మాయిలు రాసి అమ్మాయిలే ఎక్కువగా చదివే మగపిల్లల ప్రేమ నవలలు, 'డాన్‌మెయ్' అంటారు, వెబ్‌సైట్లలో వేలకు వేలు వచ్చాయి. నాటుకోడి గుడ్డు గారు అక్కడి నుంచి వచ్చినావిడే.

టీవీ సీరియల్‌కి ప్రభుత్వ అనుమతి కావాలి. వెబ్ సిరీస్‌కి మాత్రం అప్పట్లో ఆ ప్లాట్‌ఫామ్ కంపెనీయే చూసుకుని వదిలేది. సందు అక్కడే దొరికింది. తక్కువ డబ్బుతో తీసినందుకే ఆ సందులో దూరగలిగింది. పెద్ద పెట్టుబడి పెట్టినవాడు ముందే భయపడి ఆ కథ ముట్టుకోడు.

ఫిబ్రవరి నాలుగో వారంలో ఒక రోజు చైనా సైట్లన్నిటి నుంచీ సిరీస్ మాయమైంది. మొత్తం 15లో 12 వచ్చాయి. మిగిలిన మూడూ యూట్యూబ్‌లో పెట్టారు, ఆ యూట్యూబ్ చైనాలో తెరుచుకోదు. సొంత జనం కోసం తీసిన కథ ముగింపును ముందు పరాయివాళ్లు చూశారు. ఇద్దరు నటులూ ఇక కలిసి కనబడకూడదన్న ఆంక్ష పడిందని కూడా వార్తలొచ్చాయి. హువాంగ్ జింగ్‌యు 2018లో 'ఆపరేషన్ రెడ్ సీ' అనే మిలిటరీ సినిమాలో సైనికుడయ్యాడు. తుపాకీ పట్టుకోవడానికి అభ్యంతరం లేదు. ఇంకో మగవాడి చెయ్యి పట్టుకోవడమే ప్రమాదం.

టీవీ కంటెంట్ కోసం 2015 డిసెంబర్ 31 తేదీతో ఉన్న నియమావళి, సిరీస్ పోయిన కొద్ది రోజులకు జనం నోళ్లలోకి వచ్చింది. అందులో 'అసహజ లైంగిక సంబంధాలు' అని ఒక పద్దు. ఆ పద్దు కింద ఏమేం ఉన్నాయో చూడండి: రక్తసంబంధీకుల మధ్య సంబంధం, స్వలింగ సంబంధం, లైంగిక వికృతి, లైంగిక దాడి, వేధింపు, హింస. ఇద్దరు ఒకరినొకరు ఇష్టపడటాన్నీ, ఒకరు ఇంకొకరి మీద పడటాన్నీ ఒకే వరసలో కూర్చోబెట్టారు. 1860లో బ్రిటిష్ వాడు మనకు రాసిపెట్టిన 377లో ఉన్నదీ 'ప్రకృతి విరుద్ధం' అనే మాటే. కమ్యూనిస్టు పార్టీ రాజ్యం, విక్టోరియా రాణి రాజ్యం, ఇద్దరికీ దొరికిన పదం ఒకటే.

మనవాళ్లకు ఈ వరసలో కూర్చోబెట్టడం కొత్త కాదు. మనుధర్మంలో మనల్ని ఎవరి పక్కన పెట్టారో, ఏ జంతువుల పక్కన పెట్టారో మనం చదివే ఉన్నాం. నేరస్త తెగలని ఒక జాతి జాతినే పుట్టుకతో జాబితాకు ఎక్కించిన చట్టం కింద నలిగినవాళ్ల మనవళ్లు ఈ పేజీ చదువుతున్నారు. జాబితా రాసేవాడు కొట్టడు, తిట్టడు. ఎవరి పక్కన నిన్ను రాయాలో నిర్ణయిస్తాడంతే.

ఇక్కడ బాబాసాహెబ్ దగ్గరికి రావాలి. నేను టెంటులో తమ్ముడితో అన్న మాట తలుచుకున్నప్పుడల్లా సిగ్గుపడేది ఇందుకే. 1934లో బొంబాయిలో రఘునాథ్ ధోండో కర్వే మీద అశ్లీలం కేసు నడిచింది. ఆయన నడిపే మరాఠీ పత్రిక 'సమాజ్ స్వాస్థ్య'. లైంగిక విషయాల మీద పాఠకులు ప్రశ్నలు పంపితే జవాబులు ఇచ్చేవాడు. వాటిలో హస్తప్రయోగం గురించీ, స్వలింగ సంబంధాల గురించీ ప్రశ్నలున్నాయి. ఆ జవాబులే కేసయ్యాయి. కర్వే బ్రాహ్మణుడు, ఆయన కోసం నిలబడటానికి పెద్ద లాయర్లు బొంబాయిలో తక్కువ లేరు. నిలబడింది అంబేద్కర్. పూనా ఒప్పందం అయ్యి రెండేళ్లు కాలేదు, నెత్తి మీద ఆయనకు ఎన్ని పనులున్నాయో మనకు తెలుసు. అయినా కోర్టుకు వెళ్లి, ఇలాంటి విషయాల మీద రాసినంత మాత్రాన అది అశ్లీలం కాదనీ, జనం అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం తప్పు కాదనీ వాదించాడు. హ్యావ్‌లాక్ ఎల్లిస్ లాంటి పరిశోధకుల పనిని కోర్టు ముందు పెట్టాడు. కేసు ఓడిపోయారు, కర్వేకు జరిమానా పడింది.

'మన పోరాటం ముందు అయిపోనీ, ఇవన్నీ తర్వాత' అని ఆయన అనలేదు. ఆ మాట అన్నది నేను.

చైనా కథ అక్కడితో ఆగలేదు. 2018 ఏప్రిల్‌లో వీబో కంపెనీ తమ వేదిక మీద స్వలింగ విషయాలున్న పోస్టులు మూడు నెలల్లో ఏరేస్తామంది. జనం 'నేను గే' అని రాసి పోస్టు మీద పోస్టు పెట్టారు. మూడు రోజుల్లో కంపెనీ వెనక్కి తగ్గింది. గెలిచారు అనుకున్నాం. అదే ఏడాది అక్టోబర్ చివర్లో ఆన్హుయ్ ప్రావిన్స్‌లోని ఉహూ కోర్టు, మగవాళ్ల మధ్య శృంగార నవల రాసి అమ్మినందుకు ఒక రచయిత్రికి పదిన్నరేళ్ల జైలు వేసింది. అత్యాచారాలకు కూడా అక్కడ అంతకంటే తక్కువ శిక్షలు పడిన సందర్భాలున్నాయని జనం మండిపడ్డారు.

పెద్ద కంపెనీలు దారి కనిపెట్టాయి. ఆ నవలల్నే తీసుకుని ప్రేమను 'స్నేహం'గా మార్చి తీశారు. 2019లో వచ్చిన 'ది అన్‌టేమ్డ్' అలాంటిదే, భారీగా ఆడింది. అభిమానులు దీనికి 'సోషలిస్టు సోదరబంధం' అని వెక్కిరింపు పేరు పెట్టారు. 2021 సెప్టెంబర్‌లో ఆడపిల్లల్లా కనబడే మగవాళ్లను తెర మీద చూపొద్దని ఇంకో ఆదేశం వచ్చింది. మనకూ నవ్వడానికేం లేదు. మన సినిమాల్లో 'తేడా' అని ఒక కామెడీ పాత్ర, హీరో దాన్ని చెంపదెబ్బ కొడితే హాలంతా ఈల వేసేది. ఆ ఈలల్లో నావీ ఉన్నాయి.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 కోరలు పీకింది. సరిగ్గా ఎనిమిది రోజులకు, సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య పక్కనే మన దళిత బిడ్డను నరికి చంపించారు. నేరం ఒకటే, పైకులం అమ్మాయిని ప్రేమించి పెళ్లి చేసుకోవడం. వాళ్ల పెళ్లిని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. ఆ వారం నేను ఊరేగింపుల్లోనే ఉన్నాను. ఒక రాత్రి గదికొచ్చి నిద్రపట్టక ఆ సిరీస్ వెతికి మొదలుపెట్టాను. పదిహేనూ చూశాను. చట్టం ఒప్పుకున్నాక కూడా ఊరు ఒప్పుకోని ప్రేమలు రెండు రకాలున్నాయని, రెండూ ఒకే మనిషి మోయొచ్చని, తమ్ముడు నాకు రెండున్నరేళ్ల కింద చెప్పబోయాడని అప్పుడు తెలిసింది. 2015లోనే ఢిల్లీ ప్రైడ్‌లో దళిత క్వీర్ మిత్రులు తమ కులం పేరు, తమ ప్రేమ రెండూ రాసుకుని నడిచారు. నేను ఆ ఫోటోలు అప్పుడే చూశాను, లైక్ కూడా కొట్టాను. పక్కన కూర్చున్నవాణ్ని మాత్రం చూడలేదు.

తమ్ముడు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. 2025లో ఆ నాటుకోడి గుడ్డు గారి ఇంకో నవల సిరీస్‌గా వచ్చినప్పుడు, విదేశీ ప్లాట్‌ఫామ్‌లో చూసి ఫోన్ చేశాడు. తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ ఆ విషయం ఎత్తింది అతనే.

"అన్నా, టెంట్ల నువ్వు ఫోన్ నెట్టేసినవు, యాదికుందా?"

"ఉంది రా."

"నేను ఆ రాత్రి ఊరికి పోదామనుకున్న. డప్పు ఉందని ఆగిన."

నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. అతనే నవ్వి, ఏప్రిల్ 14కి వస్తున్నానని, తనతో ఉంటున్నతను కూడా వస్తాడని, అతనికి డప్పు రాదని, కానీ ఏదో ఒక పని ఇవ్వమని అడిగాడు. వంట దగ్గర ఎప్పుడూ మనుషులు చాలరు. ఇద్దరి పేర్లూ ఆ లిస్టులో పక్కపక్కనే రాశాను.