అద్దరి ఊరు సిరోంచ

నేను సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెప్తాను. ఓరుగల్లు పాఠం ఉంది, గోల్కొండ పాఠం ఉంది. గోదారి దాటితే వచ్చే సిరోంచ మాత్రం మా పుస్తకంలో ఎక్కడా లేదు. అవతలి రాష్ట్రమని ఇటువాళ్లు వదిలేశారు. తెలుగు మాట్లాడతారని అటువాళ్లు పట్టించుకోలేదు. అది మా అమ్మ పుట్టిన తాలూకా. వేరేవాళ్లు రాసేదాకా నేనెందుకు ఆగాలి?

ప్రాణహిత ఎడమ ఒడ్డున, అది గోదాట్లో కలిసే చోటికి దగ్గర్లో ఉంటుందీ ఊరు. దక్షిణాన గోదారి దాటితే కాళేశ్వరం. పడమట ప్రాణహిత దాటితే మంచిర్యాల జిల్లా అర్జునగుట్ట. కిందికి పోతే ఇంద్రావతి కలుస్తుంది, దానవతల బస్తర్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవిలో గోండి, మాడియా. గడ్చిరోలి జిల్లాకు ఇది కొసన ఉన్న తాలూకా. జిల్లా కచేరీకి పోవాలంటే సుమారు రెండొందల కిలోమీటర్ల అడవి తొవ్వ.

ఇంత చిన్న ఊరు ఒకప్పుడు జిల్లా కేంద్రం. 1857 తిరుగుబాటులో నిజాం తెల్లోళ్ల పక్కన నిలబడ్డాడు. 1860లో ఒప్పందం జరిగింది. రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలు నిజాంకు తిరిగొచ్చాయి, సురపురం దక్కింది, 50 లక్షల అప్పు మాఫీ అయింది. బదులుగా గోదారి ఎడమ ఒడ్డు తాలూకాలు, సిరోంచ, నూగూరు, అల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లి, ఇంగ్లీషోళ్లకు పోయాయి. ఆ నేలమీద బతికే గోండును, కోయను, మాదిగను ఎవడడిగాడు? అంగట్లో గొడ్డును అమ్మినా కొనేటోడు పండ్లు చూస్తాడు. మమ్మల్ని అట్లా కూడా చూడలేదు.

ఆ తాలూకాలతో అప్పర్ గోదావరి జిల్లా చేసి సిరోంచలో కచేరీ పెట్టారు. వాళ్లకు కావాల్సింది పత్తి. బేరార్ పత్తి పడవల మీద గోదారి వెంట సముద్రానికి చేరాలని ఆర్థర్ కాటన్ ఆలోచన. అడ్డంగా మూడు రాతి చెలిమలున్నాయి: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవల్‌మరి. వాటిని దాటించడానికి ఆనకట్టలు, కాలువలు మొదలుపెట్టారు. జ్వరాలు, కలరా, కూలీల కరువు. 1871లో పని ఆపేశారు. కాటన్ దొర పేరు అందరికీ తెలుసు. రాళ్లు మోసి అక్కడే జ్వరంతో పోయినోళ్ల పేర్లు ఏ పాఠంలోనూ లేవు. 1874లో ఆ జిల్లానే ఎత్తేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాష్ట్రానికి, సిరోంచ చాందా జిల్లాకు పోయాయి.

అక్కణ్ణుంచి ఊరు కదలకుండా రాష్ట్రాలు మారుతూ వచ్చింది. మా అమ్మమ్మ పుట్టింది సెంట్రల్ ప్రావిన్సెస్‌లో. ఆమె పెండ్లి అయ్యేనాటికి అది మధ్యప్రదేశ్. 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి జిల్లా. ఇన్ని రాజ్యాలు మారినా మా వాడ మారలేదు. ఊరికి అదే కొసన, అదే గడ్డి కప్పు గుడిసె.

నిజాం కాలంలో ఈ ఏరు రెండు లోకాల మధ్య గీత. ఇద్దరిన హాలీ సిక్కా, అద్దరిన కల్దార్ రూపాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. సరుకు దాటితే కరోడ్‌గిరి సుంకం. మా తాత చెప్పులు కుట్టి నాటు పడవలో అద్దరి అంగడికి పట్టుకపోయేటోడట. ఇక్కడ దొరకు చెప్పులు, మోటబొక్కెన తోలు, వార్లు అన్నీ ఉత్తగనే ఇయ్యాలె. అక్కడ కనీసం పైసలొచ్చేవి. వెట్టి పడలేక రాత్రికి రాత్రి ఏరు దాటినోళ్లూ మావాళ్లలో ఉన్నారు. "అటు పోతే దొర ఉండడనుకున్నం బిడ్డా. ఉన్నడు, గాకపోతే తలపాగ వేరు" అనేది అమ్మమ్మ. బేగారి అని అక్కడా ఉండేది మరి.

ఇక్కడొక మాట చెప్పాలి. 1960ల మొదట్లో సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర కలకత్తా శాస్త్రవేత్తలు పెద్ద పెద్ద ఎముకలు తవ్వితీశారు. కోట్ల ఏండ్ల కిందటి డైనోసార్. బారాపాసారస్ టాగోరై అని 1975లో పేరు పెట్టారు, టాగూర్ గౌరవార్థం. అస్థిపంజరం కలకత్తాలో నిలబడి ఉంది. చచ్చినంక కూడా గడ్డ దాటి అంత మర్యాద దక్కిన జీవి మా దిక్కు ఇంకొకటి లేదు.

నా అసలు బాధ సర్టిఫికెట్ గురించి. మాదిగ అనే మాట తెలంగాణ ఎస్సీ జాబితాలో ఉంది, మహారాష్ట్ర జాబితాలోనూ ఉంది. కానీ 1990లో మర్రి చంద్రశేఖర రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: ఒక రాష్ట్రం ఎస్సీ, ఎస్టీలకు వలసపోయిన రాష్ట్రంలో ఆ హక్కు రాదని. కులం తీవ్రత ఒక్కో చోట ఒక్కోలా ఉంటుందని వాదన. బొంబాయికీ మద్రాసుకూ మధ్య అది నిజమేనేమో. ఏటికి ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ మధ్య ఏం తేడా? అదే కిన్నెర, అదే డప్పు, అవే ఇంటిపేర్లు, ఇచ్చిపుచ్చుకునే పిల్లలు.

నేను బడిలో ఉన్నప్పుడు మా మేనమామ కొడుకు తెలుగులో చదువుకుంటానని మా ఇంటికొచ్చాడు. హాస్టల్ సీటు కోసం మా నాయిన వాణ్ణి ఒక ఆఫీసుకు తీసుకపోయిండు. "ఈ సర్టిఫికెట్ మరాఠీల ఉన్నది, ఈడ చెల్లది" అని కాగితం ఇసిరేసిండు గుమాస్తా. బయటికొచ్చి చాయ్ తాగుదామని హోటల్‌కు పోతే, వాళ్లకు గ్లాసులు వేరేగా, చూరుకింద పెట్టినవి తీసిచ్చిండ్రు. ఆ హోటలోనికి మరాఠీ రాదు, మా బావమరిది కులం ఏ రాష్ట్రందో అడగనూలేదు. వాడు ఏడాది మా ఇంట్లోనే ఉండి చదివాడు. ఆరుగురికి వండే గంజిలో ఏడోవాడి వాటా ఎంతకాలం? వాపసు పోయిండు.

ఇప్పుడు ప్రాణహిత మీద, గోదారి మీద వంతెనలొచ్చాయి. 2022 ప్రాణహిత పుష్కరాలకు ఇద్దరి జనం బస్సుల మీద అద్దరికి పోయి మునిగారు. 2019లో మేడిగడ్డ బరాజ్ మొదలైంది. నీళ్లు ఇటు తోడడానికి, వెనుక నీరు మాత్రం సిరోంచ చేన్లలోకీ ఎక్కింది. 2022 జూలై వరద సంగతి చెప్పక్కర్లేదు. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకు పిల్లర్లు కుంగాయి. అప్పుడు టీవీలన్నీ ఇద్దరి నుంచే మాట్లాడాయి, అద్దరి రైతు మొఖం ఒక్క పూట కూడా సరిగా కనపడలేదు.

మా బావమరిదికి ఏటి పక్క రెండెకరాలు. వరదకు ఇసుక మేట వేసింది. పరిహారం అడుగుదామని అక్కడ ఒక కచేరీకి పోతే డ్యాం తెలంగాణదన్నారట. ఇటొచ్చి అడిగితే నీ భూమి మహారాష్ట్రదన్నారు. అర్జీ తెలుగులో నేను రాసిన, మరాఠీలో వాడు రాసిండు. రెండింటి నకళ్లూ నా బీరువాలో ఉన్నాయి. పోయిన ఎండాకాలం వాడు ట్రాక్టరు కిరాయికి తెచ్చి ఎకరంన్నర ఇసుక తీయించి పత్తి పెట్టిండు. మిగిలిన అర్ధెకరం ఇంకా ఇసుక కిందే ఉంది.