డెల్టా పెద్దల దిగులు

ముసలితనంలో దిగులు పాశ్చాత్య దేశాల జబ్బని, ఉమ్మడి కాపురాల గడ్డ మీద దానికి చోటు లేదని మనవాళ్ళకు గట్టి నమ్మకం. కృష్ణా దిగువ డెల్టా చరిత్ర ముందు ఈ నమ్మకం నిలవదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువల్లో నీళ్ళు పారాక గుడివాడ చుట్టుపక్కల వరి మిగులు చూపించింది. బందరులో 1843 నుంచే నోబుల్ బడి ఉంది. తర్వాత గుడివాడకూ కాలేజీ వచ్చింది. ధాన్యం డబ్బు చదువైంది, చదువు ఉద్యోగమైంది. అమెరికా 1965లో దేశాలవారీ కోటాలు ఎత్తేశాక, 1990 చట్టంతో హెచ్-1బి వీసాలు వచ్చాక ఆ ఉద్యోగం సముద్రాలు దాటింది. పిల్లలు వదిలేసి పోయారని తిట్టడం తేలికే గానీ, పొలాలమ్మి మరీ వాళ్ళను పంపింది ఆ తల్లిదండ్రులే. మేడల్లో ఇద్దరే, ఆ తర్వాత ఒక్కరే మిగలడం ఈ సీమ సాధించిన గెలుపులోంచి వచ్చిందే తప్ప సంస్కారం చెడి వచ్చింది కాదు.

అదే డెల్టాలో సముద్రపు అంచున ఉన్న దివిసీమకు ఆ గెలుపు కూడా దక్కలేదు. 1864 నవంబరులో పక్కనున్న బందరును ముంచిన ఉప్పెనకు దాదాపు 30,000 మంది బలయ్యారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడినది సర్కారు లెక్కల్లోనే పదివేల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత ఇళ్ళు కట్టారు, తుపాను షెల్టర్లు లేచాయి. బతికి బయటపడ్డవాళ్ళ మనసుల సంగతి చూసే ఏర్పాటు మాత్రం అప్పటికి దేశంలోనే లేదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది 1982లో. 1977లో పాతికేళ్ళ వయసులో బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఇప్పుడు డెబ్బై దాటిన పెద్దలు. యాభై అరవై కిలోమీటర్ల లోపలే రెండు రకాల వార్ధక్యాలుంటే, దేశానికొక అంకె వేసి పోల్చడంలో ఎంత సారం ఉంటుంది?

అయినా కలిసుంటే మేలు కాదా అంటారు. మేలే, కానీ అదొక్కటే చాలదు. కుటుంబ బంధాలకు పేరుపడ్డ ఇటలీ, స్పెయిన్ పెద్దల్లో డెన్మార్క్ పెద్దలకన్నా కుంగుబాటు లక్షణాలు ఎక్కువని ఐరోపా సర్వేలు చూపాయి. పరాయి దేశపు ప్రశ్నావళి మన మనసును కొలవలేదన్నది ఇంకా బలమైన అభ్యంతరం. మనవాళ్ళు దిగులును ఒళ్ళు నొప్పులుగా, గుండెదడగా, నిద్ర పట్టకపోవడంగా చెప్పుకుంటారు కాబట్టి అందులో నిజముంది. కానీ పెద్దల స్థితిగతులపై 2017-18లో మన దేశమే జరిపిన లాసీ సర్వేలో అరవై దాటినవారిలో తమకు డాక్టరు కుంగుబాటు ఉందని చెప్పారన్నవాళ్ళు 0.8 శాతం, ప్రశ్నలడిగి చూస్తే ఆ ఛాయలున్నవాళ్ళు 8.3 శాతం తేలారు. కొలబద్దలో ఎంత తప్పున్నా పదింతల తేడాను అదొక్కటే మింగేయలేదు. దేశాల మధ్య కనిపించే తేడాలో కొంత భాగం అడిగే నాథుడు ఉండడం, లేకపోవడమే కావచ్చు. ప్రతి నెలా ఒకటో తారీఖున గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగులు పింఛను డబ్బుతో ఎందరో పెద్దల గడపలు ఎక్కుతూనే ఉన్నారు. నిద్ర ఎలా ఉంది, అన్నం సయిస్తోందా అని అడిగి, అవసరమైనవాళ్ళ పేరు పీహెచ్‌సీ డాక్టరుకు చేర్చే పని కూడా వాళ్ళకు అప్పగించాలి.