ఈమెయిల్ చేవ్రాలు - సర్వరు సాక్ష్యం: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

లేఖపై చేవ్రాలును గుర్తించి, అది ఎవరిదో నిర్ధారించే బాధ్యత పూర్వం లేఖ అందుకున్నవారిదే. ఈమెయిల్ విషయంలో ఆ బాధ్యత క్రమంగా సర్వరుకు సంక్రమించింది. ఈ పరిణామ క్రమాన్ని, దాని పర్యవసానాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. పాఠకుడే పరీక్షకుడు:

1982లో జాన్ పోస్టెల్ రూపొందించిన ఎస్.ఎం.టి.పి. నియమావళిలో పంపినవారెవరో నిర్ధారించే ఏర్పాటు లేదు. ఎవరి పేరుతోనైనా ఎవరైనా ఉత్తరం పంపవచ్చు. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ విడుదల చేసిన పి.జి.పి. ఈ లోపాన్ని ఇరుకొసల వద్దే సరిదిద్దింది. రచయిత తన రహస్య తాళంచెవితో సంతకం చేస్తాడు. పాఠకుడు తన కంప్యూటర్‌లోనే రచయిత బహిరంగ తాళంచెవితో దాన్ని సరిచూస్తాడు. మధ్యనున్న సర్వరును నమ్మవలసిన పనిలేదు. అయితే ఈ పద్ధతి సామాన్యులకు కొరుకుడు పడలేదు. 1999లో ఆల్మా విట్టెన్, జె.డి. టైగర్ ప్రకటించిన అధ్యయనంలో పాల్గొన్న 12 మందిలో మూడోవంతు మాత్రమే 90 నిమిషాల్లో సంతకం చేసి, గుప్తీకరించిన ఉత్తరాన్ని సరిగా పంపగలిగారు.

3. సర్వరే సాక్షి:

వెబ్‌మెయిల్, ఆపై సెల్‌ఫోన్ వ్యాప్తితో పాఠకుని చేతిలోని సాధనం తేలికైంది. పరీక్షాభారం సర్వరుపై పడింది. యాహూ, సిస్కో సంస్థల ప్రతిపాదనల మేళవింపుగా 2007లో డి.కె.ఐ.ఎం. ప్రమాణం వెలువడింది. ఇందులో సంతకం వ్యక్తిది కాదు, డొమైన్‌ది. దాని బహిరంగ తాళంచెవి డి.ఎన్.ఎస్.లో ఉంటుంది. 2009 నాటి మరో ప్రమాణం ప్రకారం, సర్వరు తన పరీక్షాఫలితాన్ని ఉత్తరం శీర్షభాగంలో నమోదు చేస్తుంది. మెయిల్ యాప్ దాన్ని చదివి పాఠకునికి చూపగలదు.

ఇక్కడ ఒక చిక్కుంది. అటువంటి నమోదును మోసగాడూ ముందే రాసి పంపగలడు. అందుకే తన పేరుతో బయటినుండి వచ్చిన నకిలీ నమోదులను సరిహద్దు సర్వరు తొలగించాలని ఆ ప్రమాణం నిర్దేశించింది. అంటే, పాఠకుని నమ్మకమంతా తన సర్వరు నిజాయితీపైన, జాగరూకతపైన నిలుస్తుంది.

4. ముగింపు:

డొమైన్ ముద్రను సర్వరు సరిచూడడం సహేతుకమే. ఉత్తరాన్ని మనకు అందించేది ఎలాగూ అదే. కానీ సర్వరును సైతం నమ్మనక్కరలేకుండా చేయడానికి పుట్టిన వ్యక్తిగత సంతకాన్ని సర్వరుకే అప్పగిస్తే దాని ప్రయోజనం దెబ్బతింటుంది. లేఖాసాహిత్య పరిశోధకులకూ ఈ భేదం ముఖ్యం. డొమైన్లు తాళంచెవులను మార్చి, పాతవాటిని తొలగించినప్పుడు ఆ ఉత్తరాలను తిరిగి పరీక్షించడం సాధారణంగా సాధ్యపడదు. అప్పుడు మిగిలేది సర్వరు నమోదు ఒక్కటే. దాన్ని రచయిత చేవ్రాలుగా కాక, మూడో వ్యక్తి సాక్ష్యంగానే స్వీకరించాలి.