అధికారాన్ని కారణం అడిగిన కట్టమంచి

1782 డిసెంబరులో చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో మైసూరు పాలకుడు హైదర్ అలీ కన్నుమూశాడు. ఈ సీమ అప్పుడు సేనల కాళ్ల కింద నలుగుతోంది. ఇక్కడ బలానిదే మాటగా ఉన్న ఆ కాలంలోనే, మరో రెండేళ్లకు, 1784 డిసెంబరులో, బెర్లిన్ పత్రిక ఒకదానిలో తత్త్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్ వ్యాసం అచ్చయింది. జ్ఞానోదయం అంటే ఏమిటన్నది అందులోని ప్రశ్న. ఇంకొకరు చెయ్యి పట్టి నడిపించే దాకా ఆగకుండా, తన బుద్ధిని తానే వాడుకునే ధైర్యం మనిషికి రావడమేనన్నది ఆయన జవాబు. అంతకు దాదాపు వందేళ్ల ముందే జాన్ లాక్, ప్రభుత్వానికి ప్రజల సమ్మతే ఆధారమని రాశాడు. అధికారం ఒకేచోట పోగుపడకూడదన్నాడు మాంటెస్క్యూ. మతం పేరిట జరిగే క్రౌర్యంతో వోల్టేర్ పోరాడాడు. పెద్దలు చెప్పారనో, పాతదనో దేన్నీ ఒప్పుకోనక్కర్లేదు, కారణం చూపాల్సిందేనన్నది ఈ ఐరోపా ఆలోచనాపరులందరి పట్టు. ఆ లాకే బానిసల వ్యాపారం చేసే కంపెనీలో వాటా పెట్టాడు. ఆ మచ్చను దాచి ఆ యుగాన్ని పొగడలేం.

కారణం అడిగే ఆ పట్టు మా చిత్తూరులో ఎవరిలో కనిపిస్తుందంటే నేను కట్టమంచి రామలింగారెడ్డి పేరే చెబుతాను. 1880లో కట్టమంచిలో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలోనూ, ఆపైన కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కళాశాలలోనూ చదివారు. విద్యార్థిగా ఉండగానే ‘ముసలమ్మ మరణం’ కావ్యం రాశారు. అందులో నాయిక రాకుమారి కాదు, బుక్కరాయసముద్రంలో ఒక కాపు ఇంటి కోడలు. చెరువు కట్ట తెగబోతే ఊరి కోసం ప్రాణమిచ్చిన మనిషి. హేతువును నమ్మినవాడికి ఈ బలి కథ ఎలా నచ్చిందని అడగొచ్చు. చెరువు నీళ్ల మీద బతికే సీమలో రైతు ఇంటి ఆడమనిషి గుండె నిబ్బరం కావ్యానికి చాలునని ఆయన తేల్చుకోవడమే నాకు పెద్ద సంగతిగా తోస్తుంది.

1914 నాటి విమర్శ గ్రంథం ‘కవిత్వతత్త్వ విచారము’లో ఆ ధైర్యం ముదిరింది. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ ఎందుకు గొప్పదో కథ బిగువు, పాత్రల స్వభావం, భావనాశక్తి పట్టి చూపించారు. అదే కొలతతో తూచి, తక్కిన ప్రబంధాల్లో వర్ణనలు కథను మింగేస్తున్నాయని మొహమాటం లేకుండా చెప్పారు. ఏ కవినైనా తలకెత్తుకునే ముందు ఎందుకో చెప్పమనడం మన విమర్శకు అప్పటికి అలవాటు లేని పని. ఆయన తీర్పుల్లో కొన్ని నాకు మరీ కరుకుగా అనిపిస్తాయి. అయినా వాటితో వాదించాలంటే మనమూ కారణాలే వెతుక్కోవాలి.

మైసూరు సంస్థానంలో విద్యాశాఖ అధికారిగా ఉన్నప్పుడు, అంటరానివాళ్లని గెంటేసిన పిల్లలకు బడి తలుపులు తెరవాలని పట్టుబట్టారు. తర్వాత మద్రాసు శాసనమండలికి వెళ్లారు. జస్టిస్ పార్టీని విడిచి, 1923 నవంబరులో అదే పార్టీకి చెందిన పానగల్ రాజా మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టారు. మన దేశపు చట్టసభల్లో అదే మొదటిదంటారు. 44 మంది తీర్మానం వైపు, 65 మంది దానికి ఎదురు నిలిచారు. తీర్మానం ఓడింది. అయినా మంత్రులు సభకు జవాబు చెప్పుకోక తప్పలేదు.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపకులపతి అయ్యారు. ఉప్పు సత్యాగ్రహం మీద ప్రభుత్వం సాగించిన అణచివేతను నిరసిస్తూ 1930లో ఆ పదవి వదిలేశారు. తాను మొదలుపెట్టి నిలబెట్టిన సంస్థను అలా వదులుకోవడం చిన్న మాట కాదు. 1936లో మళ్లీ పిలుపు వచ్చింది. 1949 దాకా ఆ పనిలోనే ఉన్నారు.