తుప్పు కింద చరిత్ర

మనలో చాలామంది సైకిలు అడ్వాన్సు తీసుకుని, నెలనెలా జీతంలో కోయించుకుని తీర్చినవాళ్లమే. కొన్నది సీమ సైకిలైతే ఆ దర్జాయే వేరు! నాటింగ్‌హామ్‌లో 1888లో ఏర్పడిన రాలీ, బర్మింగ్‌హామ్‌లో 1910లో మొదలైన హెర్క్యులిస్ సైకిళ్లు ఓడలెక్కి మన దేశానికి వచ్చేవి. 1949లో మద్రాసు శివారు అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ స్థాపించాక హెర్క్యులిస్, ఆసన్సోలులో సేన్-రాలీ వెలిశాక రాలీ ఇక్కడే తయారయ్యాయి.

నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర బంధువుల కొట్టంలో ఇటీవల ఒక పాత సైకిలు కంటబడింది. సముద్రపు ఉప్పుగాలికి రిమ్ముల పూత పొరలుగా లేచిపోయింది. పాత ఇనుముకు వేసేయబోతుంటే ఆపాను. మొత్తం గీకి నల్లరంగు కొట్టిస్తే సరిపోతుందని మా మనవడి సలహా. ముందు కిరసనాయిలు గుడ్డతో తుడవమన్నాను. హ్యాండిల్ కింద గొట్టం మీద కొంగతల ఇత్తడి బిళ్ల బయటపడింది. రాలీ గుర్తు అదే! వెనుక చక్రంలో స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు, దానిమీద 52 అంకె. ఆ హబ్బులపై తయారైన సంవత్సరాన్ని అలాగే ముద్రించేవారు. హబ్బు తరువాత మార్చి ఉండవచ్చు కనుక సైకిలు వయసూ అంతేనని పందెం కాయను.

కడ్డీ బ్రేకులు, గొలుసు వారంపాటు నూనెలో నానితే కదిలాయి. 28 అంగుళాల టైర్లకు ఇబ్బంది లేదు. ఆ కొలత మన కంపెనీలు వదల్లేదు. రంగు మాత్రం వేయించలేదు. వారానికోసారి నూనెగుడ్డతో తుడుస్తున్నాం, ఆ గాలికి అది తప్పదు.